ఆరే నూనె, ఆరని నూనె

ఎన్నికలని ఠాణాలో అప్పజెప్పిన డబుల్ బ్యారెల్ తుపాకి ఈ వారమే మా మేనల్లుడి చేతికి తిరిగొచ్చింది. బట్టు మీద పాత వార్నిష్ పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. "మామా, కట్టె పని మనమే చేసుకుందాం" అన్నాడు. నాకెంత సంతోషమైందో! ఇనుము జోలికి మాత్రం పోవద్దన్నాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆ రిపేరు లైసెన్సున్నవాళ్లే చేయాలి.

తూటాలు లేవని చూసుకొని, గొట్టాలు విడదీసి పక్కన పెట్టి, వార్నిష్ తీసేశాం. అడుగున అక్రోట్ కట్టె. చలికొండల చెట్టు, తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది, తొందరగా వంకర పోదు. సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నొక్కుకుపోయిన పోగులు ఉబ్బి పైకొచ్చాయి.

ఇక నూనె. పాలమూరులో పండిందే పాలమూరులో వాడాలని నేనెన్నిసార్లు రాశానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. మనవి పల్లి, ఆముదం. అచ్చంపేట దిక్కు మా తాత అడవిపందుల కాపలాకు పల్లిచేను మంచె మీద పడుకునేవాడు. పక్కనే తుపాకి. దాని కట్టెకు పల్లినూనె పూసేవాడు. పట్టుకుంటే ఎప్పుడూ జిడ్డే. చెల్క దుమ్మంతా దానికే అంటుకునేది. చిన్నప్పుడు నేను దాన్ని తుపాకి వాసన అనుకునేవాణ్ని. అది ముక్కిపోయిన నూనె వాసన.

పల్లినూనె ఆరదు. ఆముదమూ ఆరదు. అవిసె నూనె ఆరుతుంది. ఆరడమంటే ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని గట్టి పొరగా అల్లుకోవడం. ఫ్యాక్టరీలో ఆముదం అణువుల్లోంచి నీటిని విడదీస్తే అదీ ఆరే నూనె అవుతుంది, రంగుల్లో వాడతారు. ఇంట్లో పొయ్యి మీద అయ్యే పని కాదది. కట్టె ముందు నా పట్టుదల వదులుకున్నాను. రంగుల దుకాణం నుంచి డబుల్ బాయిల్డ్ అవిసె నూనె తెప్పించాను.

పలచగా పూసి, అరచెయ్యి వేడెక్కేదాకా రుద్ది, మిగిలిందంతా తుడిచేయాలి. పూర్తిగా ఆరాకే మరో పూత. ముసురు పడితే ఇంకా ఆగాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచండి. చేతిపట్టు దగ్గరి గళ్లకు పాత టూత్‌బ్రష్‌తో చుక్క నూనె చాలు. ఎక్కువైతే గాట్లలో గడ్డకడుతుంది.