‘హమ్‌సఫర్’ ధారావాహికలో అత్త పాత్ర: ప్రేక్షకుల వాదోపవాదాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాకిస్తాన్‌కు చెందిన హమ్ టీవీలో 2011 సెప్టెంబరు నుండి 2012 మార్చి వరకు ప్రసారమైన ఉర్దూ ధారావాహిక ‘హమ్‌సఫర్’. ఇందులోని ఫరీదా అనే అత్త పాత్ర ప్రేక్షకులలో తీవ్రమైన వాదోపవాదాలకు కారణమైంది. ఆమె క్రూరత్వం సహజమా, అసహజమా అన్న ప్రశ్న చుట్టూనే ఆ చర్చ ప్రధానంగా తిరిగింది. ఆ క్రూరత్వానికి అధికారం ఎక్కడ నుండి లభించిందన్న ప్రశ్న అంతగా ముందుకు రాలేదు. పాత్ర నిర్మాణం, బంధుత్వ వ్యవస్థ, కథాంతంలోని శిక్ష అనే అంశాల ఆధారంగా ఈ రెండవ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఉర్దూ ధారావాహిక, అత్త పాత్ర, బంధుత్వం, పితృస్వామ్యం, ప్రేక్షక స్పందన.

1. ఉపోద్ఘాతం:

ఫర్హత్ ఇష్తియాక్ తన నవలనే ధారావాహికగా మలచగా, సర్మద్ సుల్తాన్ ఖూసత్ దర్శకత్వం వహించారు. ఖిరద్‌గా మాహిరా ఖాన్, అషర్‌గా ఫవాద్ ఖాన్, ఫరీదాగా అతీకా ఓధో నటించారు. 2014లో జీ సంస్థ ‘జిందగీ’ ఛానెల్‌ను ప్రారంభించి పాకిస్తానీ ధారావాహికలను ప్రసారం చేయడంతో ఇది భారతదేశంలోని ఇళ్లలోకి కూడా వచ్చింది. ఉర్దూ ఇంటిభాషగా ఉన్న తెలంగాణ హైదరాబాదు ప్రేక్షకులకు ఈ సంభాషణలు అనువాదం లేకుండానే అందాయి. కథానాయిక ఖిరద్ పుట్టిల్లు కూడా హైదరాబాదే. అయితే అది సింధు రాష్ట్రంలోని హైదరాబాదు. ఒకే పేరు గల ఈ రెండు నగరాల విషయంలో కొత్త ప్రేక్షకులు తడబడటం సహజమే.

కథ సంక్షిప్తంగా ఇది. కరాచీలోని సంపన్న కుటుంబానికి పెద్ద బసీరత్ హుసేన్. ఆయన చెల్లెలు మైమూనా క్యాన్సర్‌తో మరణానికి చేరువవుతుంది. ఆమె కూతురు ఖిరద్‌ను తన కొడుకు అషర్‌కు చేసుకుంటానని బసీరత్ మాట ఇచ్చి, ఆ పెళ్లి జరిపిస్తాడు. అషర్ తల్లి ఫరీదాకు ఈ పెళ్లి ఇష్టం లేదు. తన సోదరి కూతురు సారా కోడలు కావాలన్నది ఆమె కోరిక. కొంతకాలం ప్రేమను నటించిన ఫరీదా, భర్త మరణించాక ఖిజర్ అనే యువకుడిని పావుగా చేసుకొని కోడలిపై అక్రమ సంబంధం నింద మోపుతుంది. గర్భవతి అయిన ఖిరద్‌ను రాత్రివేళ ఇంటి నుండి గెంటివేస్తుంది. కొన్నేళ్ల తరువాత, గుండె జబ్బుతో ఉన్న కూతురు హరీమ్ శస్త్రచికిత్స కోసం ఖిరద్ తిరిగి అషర్ ముందుకు రావలసి వస్తుంది.

2. ప్రేక్షకుల వాదనలు:

ఈ పాత్రపై వినిపించిన అభిప్రాయాలలో ప్రధానంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. కన్నకొడుకు కాపురాన్ని ఏ తల్లీ ఇంత పథకం ప్రకారం కూల్చదని, ఇది రచయిత్రి అతిశయోక్తి అని వాదించేవారు ఒక వర్గం. నింద, గెంటివేత, మౌనం అనేవి ఎన్నో ఇళ్లలో జరిగేవేనని, వాటన్నిటినీ ఒకే పాత్రలో కుదించడం వల్లనే అతిగా కనిపిస్తున్నాయని వాదించేవారు మరొక వర్గం. రెండవ వాదానికి బలం ఎక్కువ. ధారావాహికలో పాత్ర అంటే ఒక వ్యక్తి నకలు కాదు. అనేక అనుభవాల సాంద్రీకరణే పాత్ర.

వీటికి భిన్నంగా, అసలు దోషి అషర్ అని నిలదీసినవారూ ఉన్నారు. అర్ధాంగి చెప్పేది వినకుండా కళ్లకు కనిపించిన దృశ్యాన్నే నమ్మి, ఆమె ఉత్తరాన్ని చదవకుండా పక్కన పెట్టినవాడిని కథ నాయకుడిగా ఎలా నిలబెట్టిందన్నది వారి ప్రశ్న. ఈ ప్రశ్న చర్చలో పక్కకు పోవడానికి ఫవాద్ ఖాన్ రూపం, కంఠస్వరం కొంతవరకు కారణం కావచ్చు. ప్రేక్షకుల సానుభూతి నటుడిని బట్టి పంపిణీ కావడం దృశ్య మాధ్యమంలో కొత్త విషయం కాదు. అయితే కథన నిర్మాణం కూడా ఇందుకు తోడ్పడింది. అషర్ మోసపోయినవాడిగానూ, ఫరీదా మోసగించినదిగానూ కనిపించేలా దృశ్యాలను అమర్చారు. మోసపోవడంలో ఉన్న బాధ్యతను లెక్కించే దృశ్యాలు చాలా తక్కువ. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అన్న తెలుగు సామెత అత్తాకోడళ్ల మధ్య ఉన్న రెండు తూకాలను ఎత్తిచూపుతుంది. కొడుకు కొట్టిన కుండ ఊసు ఆ సామెతలోనూ లేదు.

3. రెండు ఆడపడుచుల ఇళ్లు - ఒక పెళ్లి:

ఫరీదా ద్వేషాన్ని అర్థం చేసుకోవడానికి బంధుత్వ వ్యవస్థను పరిశీలించడం అవసరం. తెలుగు ప్రేక్షకులు ఇక్కడ ఒక తేడాను వెంటనే గుర్తిస్తారు. ఖిరద్ అషర్‌కు మేనత్త కూతురు. తెలుగు సమాజంలోని చాలా కులాల్లో ఇది వరుసైన సంబంధం, మేనరికం. సారా మాత్రం తల్లి తోబుట్టువు కూతురు. తెలుగు వరసల ప్రకారం ఆమె అషర్‌కు చెల్లెలో అక్కో అవుతుంది. అందువల్ల సారా అషర్‌ను ప్రేమించడమే తప్పుగా తోచి, ఆమెను కోడలిగా తెచ్చుకోవాలన్న ఫరీదా కోరిక మొదటినుండీ అనైతికంగా కనిపించే ప్రమాదం ఉంది. ధారావాహిక పుట్టిన సమాజంలో ఇది పొరపాటు పఠనం అవుతుంది. అక్కడి ముస్లిం కుటుంబాల్లో మేనత్త కూతురు, తల్లి సోదరి కూతురు ఇద్దరూ పెళ్లాడదగినవారే. అంటే ఖిరద్, సారాల మధ్య పోటీ సక్రమానికీ అక్రమానికీ మధ్య జరిగింది కాదు. తండ్రి తోబుట్టువు ఇంటికీ, తల్లి తోబుట్టువు ఇంటికీ మధ్య జరిగింది.

ఈ కోణంలో చూసినప్పుడు పెళ్లి నిర్ణయ ఘట్టం ప్రాధాన్యం మారుతుంది. బసీరత్ తన చెల్లెలికి మాట ఇచ్చేముందు భార్యను సంప్రదించలేదు. కొడుకు మనసు ఏమిటో కూడా ఆయనకు రెండవ విషయమే. మరణశయ్యపై ఉన్న చెల్లెలి పట్ల ఆయన కరుణను కథ ఉదాత్తంగా చూపుతుంది, ప్రేక్షకులు కూడా అలాగే స్వీకరించారు. కాని అదే క్షణంలో ఆ ఇంటి ఇల్లాలి మాటకు విలువ లేదని కూడా తేలిపోయింది. భర్తను ఎదిరించి గెలవలేని ఫరీదా, ఆ ఓటమికి ప్రతీకారాన్ని తన అధికారం చెల్లే ఒకే ఒక్క మనిషిపై తీర్చుకుంటుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడం సామెత. ఇక్కడ మగడి మీది కోపం కోడలి మీదికి మళ్లింది. ఇది ఆమె నేరాన్ని తగ్గించదు. ఆ నేరం ఎక్కడ మొదలైందో మాత్రం చూపుతుంది.

తెలుగులో ‘అత్త’ అనే ఒకే మాట భర్త తల్లికీ, తండ్రి తోబుట్టువుకూ చెల్లుతుంది. ఉర్దూలో సాస్ వేరు, ఫూఫీ వేరు. మేనరికంలో కోడలు పుట్టినప్పటినుండీ ఎరిగిన మనిషి ఇంటికే వెళ్తుందన్న ఊహ తెలుగు మాటలో దాగి ఉంది. ఖిరద్ విషయంలో మేనమామ ఇల్లే అత్తిల్లయినా, ఆ ఊహ ఫలించదు. మేనమామ బతికి ఉన్నంతవరకే ఆ ఇంట్లో ఆమెకు రక్షణ.

4. మృదువైన కంఠం:

డెనిజ్ కందియోటి 1988లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ‘పితృస్వామ్యంతో బేరం’ అనే భావనను ప్రతిపాదించారు. సనాతన పితృస్వామ్య కుటుంబంలో కొత్తకోడలిగా అణచివేతకు గురైన స్త్రీ, కొడుకును కని పెంచి, చివరికి కోడళ్లపై ఆధిపత్యం పొందుతుందని, ఆ భవిష్యత్తు ఆశే ఆమెను వ్యవస్థకు కట్టిపడేస్తుందని ఆమె వివరించారు. అందువల్ల కొడుకు విధేయత తల్లికి కేవలం మమకారం కాదు, వృద్ధాప్యపు భరోసా. అత్త ఒకప్పటి కోడలే అన్న తెలుగు మాటలోనూ, 2000లో స్టార్ ప్లస్‌లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ శీర్షికలోనూ ఇదే చక్రం ఉంది.

ఫరీదాకు ఈ సిద్ధాంతం పూర్తిగా వర్తించదన్నది గమనార్హం. ఆమె నిరాధార స్త్రీ కాదు. సంపద ఉంది, చదువు ఉంది, సమాజంలో పేరుంది. పైగా ఆమె స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థను నడుపుతుంది. బయట స్త్రీల కోసం మాట్లాడే మనిషి ఇంట్లో గర్భిణిని వీధిలోకి నెట్టడం రచయిత్రి ఉద్దేశించిన వ్యంగ్యం. ఈ వ్యంగ్యం ప్రేక్షకులను బాగా ఆకట్టుకుంది కూడా. కాని ఈ ధారావాహికలో విమర్శకు నిలవని భాగం ఇదే. ఖిరద్ ఓర్పు, దుపట్టా, మితభాషణలతో సద్గుణానికి ప్రతిరూపం. ఉద్యోగం చేసే సారా, సంస్థ నడిపే ఫరీదా దుర్మార్గానికి ప్రతిరూపాలు. స్త్రీల హక్కుల మాటే కపటమన్న భావం ప్రేక్షకుల మనసులో నాటుకోవడానికి ఇంతకంటే అనువైన అమరిక ఉండదు. ఖిరద్ గణితంలో పైచదువుకు పూనుకున్న యువతి అన్న అంశం ఈ అమరికను కొంత సడలించగలిగేది. కథ దానిని నింద మోపడానికి అవకాశంగానే తప్ప ఆమె వ్యక్తిత్వానికి బలంగా వాడుకోలేదు.

అతీకా ఓధో నటన మాత్రం రచనలోని ఈ లోపాన్ని చాలాచోట్ల దాటింది. ఫరీదా చాలావరకు కేకలు వేయదు. కోడలికి మర్యాదగా, తగ్గు స్వరంలో, లాలనగా మాట్లాడుతూనే ఆమె స్థాయిని గుర్తుచేస్తుంది. తెలుగు తెరపై సూర్యకాంతం స్థిరపరచిన గయ్యాళి అత్తతో పోల్చినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. సూర్యకాంతం పాత్రల కోపం బహిరంగం. ఇరుగుపొరుగుకు వినిపిస్తుంది కనుక సాక్షులుంటారు, ఎదురు జవాబుకు చోటుంటుంది, చివరికి నవ్వులో కరుగుతుంది. ‘గుండమ్మ కథ’ (1962)లో గుండమ్మ గయ్యాళితనానికి విరుగుడు మరొక గయ్యాళి నోరే. భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’లోనైతే అత్త చాదస్తం కోడలి చమత్కారానికి ముడిసరుకు. ఫరీదా క్రూరత్వానికి సాక్షులు లేరు. తేనె పూసిన కత్తి అన్న నుడికారమే ఆమెకు తగినది. నింద పడిన రాత్రి ఖిరద్ నిజం చెప్పినా నమ్మేవారు లేకపోవడానికి ఆ తేనే కారణం. ఫరీదాను అసహజమన్న ప్రేక్షకులు బహుశా గయ్యాళితనాన్నే క్రూరత్వానికి కొలమానంగా తీసుకున్నారు.

5. పిచ్చి అనే తీర్పు:

నిజం బయటపడి, సారా ఆత్మహత్య చేసుకున్న తరువాత ఫరీదా మతి చలిస్తుంది. చనిపోయిన సారా కళ్లముందు కనిపిస్తూ ఉండగా ఆమె ఒంటరిగా మిగులుతుంది. చాలామంది ప్రేక్షకులు దీనిని తగిన శాస్తిగా భావించి తృప్తిపడ్డారు. శిక్ష చాలదన్నవారూ లేకపోలేదు. శిక్ష పరిమాణం కంటే దాని స్వభావం ఇక్కడ చర్చించదగినది. మతి చలించిన మనిషిని ప్రశ్నించలేము. ఎందుకు చేశావని కొడుకు అడిగి, ఆమె సమాధానం చెప్పి, ఆ సమాధానంలో బసీరత్ పేరు, కొడుకు అవిశ్వాసం ప్రస్తావనకు వచ్చే సంభాషణకు కథ తలుపు మూసివేసింది. అషర్ పశ్చాత్తాపం ఖిరద్‌ను తిరిగి పొందడంతో ముగుస్తుంది. భార్యను ఒక్క మాటైనా అడగకుండా నమ్మకాన్ని వదులుకున్న ఆ రాత్రి గురించి అతడు చెల్లించవలసిన మూల్యం తల్లి ఖాతాలోకి బదిలీ అయింది. సారా మరణం కూడా ఈ లెక్కలోనే కలిసిపోయింది. తల్లి సోదరి ఆశ చూపి పెంచిన కోరికకు బలైన యువతిగా ఆమెను చూడటానికి కథకు తీరిక లేకపోయింది.

ఖిరద్ ఆ ఇంటికే తిరిగి వస్తుంది. అత్త స్థానం ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆమెకు ఉన్నది కూతురే గాని కొడుకు కాదు. కోడలు అత్త అయ్యే చక్రంలో ఖిరద్ ఏ వైపు నిలబడుతుందో పరీక్షించే అవసరం రచయిత్రికి రాలేదు, ప్రేక్షకులూ ఆ ప్రశ్నను పెద్దగా లేవనెత్తలేదు.