గ్రంథస్వామ్యమున “ఇచ్చితిని” : అర్థవిచారము

గ్రంథకర్తలు ప్రకాశకులకు వ్రాసి యిచ్చు పత్రములలో “ఈ గ్రంథమును మీకిచ్చితిని” యను వాక్యము తఱచుగాఁ గానవచ్చును. నేఁడు గ్రంథములు అంతర్జాలమునఁ జదువఁబడుచున్నవి, వినఁబడుచున్నవి. అందు వచ్చు రాయల్టీ యెవ్వరిదను వివాదము పలుమాఱు ఈ యొక్క క్రియ యర్థముపై నిలిచియున్నది.

నేను 1998లో బాలురకై సంధివివరణ మొకటి రచించి యొక ప్రకాశకునకిచ్చితిని. ఇటీవల నది శ్రవ్యరూపమున ఫోనులలో వెలకు లభించుచున్నదని నా శిష్యుఁ డొకఁడు చెప్పెను. లెక్క యడుగఁగా “మీ రిచ్చివేసితిరి గదా” యని ప్రత్యుత్తరము వచ్చినది.

సంప్రదానసంజ్ఞను విచారించుచు వృత్తికారమతానుసారులు, తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వమును గలిగించుటయే దానమనిరి. విప్రునకు గోవు నిచ్చినచో స్వత్వము తొలఁగును. రజకునకు వస్త్రము నిచ్చినచోఁ దొలఁగదు. కావుననే రెండవచోట వారు చతుర్థి నొల్లక షష్ఠినే చెప్పిరి. భాష్యకారుఁడో, గురువు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చెననుచోటను జతుర్థినే ప్రయోగించెను. చెంపపెట్టున విడువఁదగిన స్వత్వ మేమున్నది? తెలుఁగు వ్యవహార మీ భాష్యమతమునకే అనుకూలము. విప్రునకు గోవు నిత్తుము, రజకునకు వస్త్రము నిత్తుము, విభక్తి యొక్కటియే. కావున “మీకిచ్చితిని” యన్నంతమాత్రమున స్వత్వత్యాగము సిద్ధింపదు.

1957 నాఁటి గ్రంథస్వామ్యచట్టమును ఈ మార్గముననే నడచినది. ఇచ్చిన హక్కు లేవి, ఎంతకాలమునకు, ఏ ప్రదేశమునకు నని పత్రమునఁ జెప్పవలయునని 19వ సెక్షను విధించుచున్నది. కాలము చెప్పనిచో నైదేండ్లే. నా పత్రమునఁ గాలనిర్దేశము లేదు. కావున 2003తోనే దాని గడువు తీఱినదని నా తలంపు. 2012 నాఁటి సవరణ మఱియొక నియమమును జేర్చినది: ఒప్పందమునాఁటికి లేని సాధనమునకు, దానిని ప్రత్యేకించి పేర్కొననిచో, ఆ యొప్పందము వర్తింపదు. చలనచిత్రగీతకర్తకు, చిత్రశాలలోఁ జిత్రముతోఁగూడ వినిపించుట తక్క తక్కిన ప్రయోగముల రాయల్టీలో సమభాగము గలదు. దానిని నిర్మాతకు వ్రాసియిచ్చినను అది చెల్లదు.

“విద్యావిక్రయము తగదు, పూర్వకవులు కృతులను బ్రభువులకు సమర్పింపలేదా?” యని కొందఱందురు. సమర్పించిరి. కాని కృతిపతులు కవులను సత్కరించిరి. కృతిని బ్రతికొక వెలకు విక్రయించి కవిని మఱవలేదు. ఉచితముగా నీయఁదలఁచినవాఁ డిచ్చుఁగాక. ఆ యౌదార్యము గ్రంథకర్తదై యుండవలెను. నడుమనున్న వర్తకుఁడు దానిని దనదిగాఁ జేసికొనరాదు. స్వతంత్రుఁడే కర్తయని పాణిని చెప్పిన మాట గ్రంథకర్తకును వర్తించును.

ఇఁక మిగిలిన చిక్కు లెక్క. అచ్చుప్రతులను గట్టలుగా నెంచవచ్చును. అంతర్జాలమునఁ బ్రతి యంగడి వెడలదు. ఎందఱు వినిరో విక్రేత యంత్రమునకే తెలియును. కావున పండితులు పత్రము వ్రాయునపుడు “అచ్చునకు మాత్రము”, “ఇన్ని యేండ్లకు”, “ఇతరరూపముల లెక్క చూచు హక్కుతో” నని స్పష్టముగాఁ జేర్పవలెను. ఒక్క విశేషణము లోపించినచో వాక్యార్థ మెట్లు చెడునో శిష్యులకు నిత్యము బోధించు మనము, మన పత్రములలో నా లోపమును విడిచిపెట్టరాదు.