బావి గడ్డ మీద మొదలయ్యే పనితనం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వ్యవసాయ బావిలో మోటరు పడిపోయిందంటే ముందు గజ ఈతగాడికి కబురు పోతుంది. బోర్లు వచ్చాక ఆ కబుర్లు తగ్గాయి గానీ, వానలు బాగా పడి పెద్ద బావులు నిండిన ఏడు ఇప్పటికీ పోతూనే ఉంటాయి. వచ్చిన మనిషి ఎప్పుడు దూకుతాడా అని జనం గడ్డ మీద నిలబడి చూస్తారు. పని తెలిసినవాడు దూకడు. బావి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. స్టార్టరు ఆపారా అని అడిగి ఊరుకోడు. ఫ్యూజులు పీకించి, తన మోకు పట్టుకునే మనిషి జేబులో వేయిస్తాడు. కింద తాను కేబులు తడుముతున్నప్పుడు పైన ఎవరో తెలియక మీట నొక్కే ప్రమాదం దాంతో తీరిపోతుంది. అతని విద్య ఎంత గట్టిదో నాకు ఆ ఫ్యూజుల దగ్గరే తెలిసిపోతుంది.

తర్వాత మోకు. నడుముకు కట్టిన ముడి తడిస్తే బిగుసుకోవాలి గానీ జారకూడదు. ఒక గుంజుకు అర్థమేమిటి, రెండు గుంజులకు ఏమిటి అనేది గడ్డ మీదే ఒప్పందం చేసుకుంటారు. నీళ్లలో మునిగాక మాట్లాడుకునే భాష అదొక్కటే.

నీళ్లు అడుగంటిన బావి అయితే భయం గాలి దగ్గర ఉంది. చెత్త కుళ్లి, ఆక్సిజన్ తగ్గి, బొగ్గుపులుసు వాయువు కింద పేరుకుంటుంది. దీపం దించి చూడడం పాత పద్ధతి. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడితే మంట ఆరిపోతుంది. మంచి పరీక్షే, కానీ అది సగమే చెబుతుంది. బావిలోకి డీజిల్ ఇంజను దించి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, దీపమూ ఆరదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ మోసకారి, ఎక్కువైతే ముక్కునే మొద్దుబారుస్తుంది. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు దీపం వెలిగిందని ధైర్యపడరు. వేపకొమ్మ కట్టి పైకీ కిందికీ ఆడించినా, బిందెలతో నీళ్లు చల్లినా గాలి కొంత కదులుతుంది, అంతవరకే. ఫ్యాను పెట్టి పైనుంచి గాలి తోయించాలి, గాలిని కొలిచే మీటరు దొరికితే దించి చూడాలి. ఒకడు కింద పడిపోతే రెండోవాడు ఆత్రంగా దిగడం, అతని వెనక మూడోవాడు దిగడం, ఇలా ఒకే బావిలో ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం ఎన్నో చదివాం. మోకు నడుముకు ఉన్నవాణ్ని పైనుంచే లాగవచ్చు. ఆ ముడి విలువ అప్పుడు తెలుస్తుంది.

నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, ఛాతీలోని గాలి సగానికి నలుగుతుంది. చెవిపోటు మొదలవకముందే ఈతగాడు ముక్కు మూసి మెల్లగా ఊది చెవులను సర్దుకుంటాడు. జలుబు చేసిన రోజు ఆ సర్దుబాటు కుదరదు కనుక పనికి రానంటాడు. డబ్బు వదులుకుని చెప్పే ఆ మాట నాకు చాలా పెద్దది. దిగేముందు గబగబా ఊపిరి తీసి వదలడు కూడా. అలా చేస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. పైకి వస్తూ వస్తూ స్పృహ తప్పేది అక్కడే.

సిలిండరు వీపుకు తగిలిస్తే ఈ లెక్కలు మారతాయి. 1943లో కుస్తో, గాన్యాన్ అనే ఫ్రెంచివాళ్లు తయారుచేసిన అక్వాలంగ్ గొప్పతనమంతా దాని రెగ్యులేటరులో ఉంది. పీల్చినప్పుడే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి ఇస్తుంది. లోతులో అలా నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. శ్వాస బిగబట్టి వస్తే మీటరున్నర లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు చిరగవచ్చు. బావి ఈతగాడికి ప్రాణం పోసిన బిగబట్టే అలవాటే ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఈత వచ్చు కదా అని అతనికి శిక్షణ లేకుండా సిలిండరు ఇవ్వడం ఘోరమైన తప్పని నా అభిప్రాయం.

ఇక నైట్రోజన్. లోతులో రక్తంలో కరిగినది పైకి వచ్చేటప్పుడు బుడగలు కడుతుంది. 1908లో శాస్త్రవేత్త హాల్డేన్ బృందం మేకల మీద పరీక్షించి, ఆగి ఆగి పైకి రావాలని తేల్చింది. నేటి శిక్షణలో నిమిషానికి 9 మీటర్లకు మించని వేగం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం మామూలు నియమాలు. మన ప్రాంతానికి ఇందులో ఒక మెలిక ఉంది. సముద్రమట్టానికి 300 మీటర్లు దాటిన చోట ఎత్తు లెక్క వేరే చూడాలి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885 అడుగులు. రెండూ ఆ గీతకు కిందే. మహబూబ్‌నగర్ పట్టణం మాత్రం సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీశైలం జలాశయంలో లోతుగా మునిగి, వెంటనే జీపెక్కి నల్లమల ఘాట్ ఎక్కేవాడు బయటి ఒత్తిడిని మళ్లీ తగ్గించుకుంటున్నట్టే. అందుకే తెలిసినవాడు మునక లెక్కలో ప్రయాణాన్నీ కలుపుతాడు.

శిక్షణ ఉన్న డైవర్లకూ కఠినమైన చోట్లు ఉంటాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిదిమంది చిక్కుకున్నారు. నౌకాదళ మార్కోస్ కమాండోలతో పాటు సింగరేణి రెస్క్యూ దళం, సైన్యం, ఎన్డీఆర్ఎఫ్ వచ్చాయి. దారి సుమారు 14 కిలోమీటర్లు లోపలికి, ముందంతా బురద, ఊటనీరు. అలాంటి చోట డైవరుకు కళ్లు పనికిరావు. చేయి, తాడు, తిరిగి రావడానికి సరిపడే గాలి లెక్క, ఇవే దిక్కు. రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. మిగతా ఆరుగురి కోసం ఆ సొరంగంలో నెలలు పనిచేసిన వాళ్లందరికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రోగాల సంగతి చాలామంది పట్టించుకోరు. ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి, చర్మం మీది గీతల గుండా ఎలుక జ్వరం వస్తుంది. వెచ్చని నిలవనీటిలో ఉండే నేగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుంది. అరుదే గానీ దాదాపు ప్రతిసారీ ప్రాణాంతకం. ముక్కును మూసి ఉంచే మాస్కు అందుకూ పనికొస్తుంది. పైకి రాగానే శుభ్రమైన నీటితో స్నానం చేసి, చెవులు ఆరబెట్టుకోవాలి. వారం పది రోజుల్లో జ్వరం వస్తే బావిలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒకరు పీల్చిన మౌత్‌పీసును క్రిమినాశకంతో కడగకుండా ఇంకొకరి నోట పెట్టకూడదని కరోనా వచ్చాక డైవింగ్ కేంద్రాలు మరింత గట్టిగా పట్టుకున్నాయి.

నీటికీ మనిషి నుంచి ప్రమాదం ఉంది. దిగుడు బావుల కాలంలో నారికురుపు ఉన్నవాడు మెట్ల మీంచి నీటిలో కాలు పెడితే పురుగు పిల్లలు వదిలేది, ఆ నీళ్లు తాగినవాళ్లకు మరుసటేడు కురుపు లేచేది. నీళ్లు గుడ్డతో వడగట్టించి, దిగుడు బావులను మార్పించి, మందు చల్లించి, ఇంటింటా వెతికాకే 2000లో మన దేశం దాని నుంచి విముక్తి పొందినట్టు ప్రకటన వచ్చింది. నారికురుపు పోయినా, బావి దగ్గర ఒక నియమం మంచి జట్లలో ఇప్పటికీ నిలబడాల్సిందే: కాలి మీద పచ్చిపుండు ఉన్నవాడు ఆ రోజు నీళ్లలోకి దిగడు, గడ్డ మీద మోకు పడతాడు.