ప్రహేళికా పరిష్కారము - ఆకాంక్ష

చిక్కుప్రశ్నను విప్పుట వేఱు. దాని యుత్తరమును వల్లించుట వేఱు. ఈ భేదమును మఱచుటచేతనే మన పాఠశాలలలో గూఢార్థపద్యములు కంఠపాఠములైనవి. దండి కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమున, పూర్వాచార్యులు పదునాఱు ప్రహేళికలను, పదునాలుగు దుష్టప్రహేళికలను జెప్పిరని తెలిపి, దోషము లసంఖ్యేయములు గావున సాధువులనే వివరింతు ననియు, లక్షణహీనములు దుష్టము లనియు దేల్చెను. విప్పుటకు వలయు సాధనము ప్రశ్నయందే యుండుట లక్షణములలో ముఖ్యమని నా తలంపు.

దీనిని నేటి యంత్రక్రీడయందు బరీక్షింతము. అమెరికాలో విల్ క్రౌథర్ కల్పింపగా డాన్ వుడ్స్ 1977లో బెంచిన 'అడ్వెంచర్' అను కంప్యూటరు క్రీడలో బొమ్మలు లేవు; గుహావర్ణన మంతయు వాక్యములే. ఆడువాడు రెండుమాటల యాజ్ఞ వ్రాయవలెను. ఒకచోట డ్రాగన్ అను మహాసర్పము త్రోవ కడ్డుపడును. దానిని జంపు మన్నచో, దేనితో, వట్టిచేతులతోనా యని యంత్ర మడుగును. పలువురు దీనిని కాకువుగా నెంచి మరలుదురు. అవునన్నవాని చేత సర్పము చచ్చును!

ఇది న్యాయమా? చంపుటకు గర్త గలడు, కర్మ గలదు, కరణ మాకాంక్షితము. ఆ యాకాంక్షను దెలిపి, కరణమును జూపినదియు యంత్రమే. కావున సాధనము ప్రశ్నలోనే యున్నది. దండి చెప్పిన వంచిత రూఢశబ్దముచే మోసగించును. ఇది రూఢమైన వాక్యధోరణిచే మోసగించును. అయినను గంఠధ్వని లేని వ్రాతలో గాకువును సందర్భమే నిర్ణయింపవలెను. ఇచట సందర్భము పరిహాసమునకే మొగ్గుటచే, నీ ప్రహేళిక సాధువే యైనను నిర్దుష్టము గాదు.

జనగామ జిల్లా పాలకుర్తివాడని ప్రసిద్ధి గన్న పాల్కురికి సోమనాథుని వృషాధిపశతకము నింతకంటె మేలైన యుదాహరణము. అందు దమిళ, కన్నడ, మరాఠీ భాషల పద్యములును గలవు. తెలుగు మాత్ర మెఱిగిన చదువరి యచట నిలిచిపోవును. కాని సంబోధనరూపమైన మకుటము వానికి దెలిసినదే. అచటినుండి వెనుకకు నన్వయించిన, దక్కినది స్తుతి యని తోచును. పిదప నొక్కొక్కపదమును దద్భాషాజ్ఞు నడిగి నింపుకొనవచ్చును. ఆ యోపిక లేనివాడు దెలియని పదమును లేఖకదోషమని దిద్దును. అది విప్పుట గాదు, ముడిని గోయుట.

ఉపాధ్యాయులకు నా విన్నప మొక్కటే. శిష్యుడు నిలిచినచోట నుత్తరము చెప్పకుడు. ఏ కారకము కొఱవడినదో యడుగుడు. వాడు తప్పుచెప్పినను వెదకుట నేర్చును. వెదకుట నేర్చినవాడే రేపు తాళపత్రమును జెఱుపక చదువగలడు.