సైకిల్‌కి ఊరూ పేరూ

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ దొంగతనానికి మూడేళ్ళ వరకూ జైలుశిక్ష అంటూనే ఒక వెసులుబాటు ఇచ్చింది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపై, దొంగకి అది మొదటి శిక్షే అయి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ చేయించి వదిలేస్తారు. చిల్లర దొంగని జైల్లో పెట్టి ముదురు దొంగని చేయడం కంటే ఇది నయమే. కాకపోతే మన ఊళ్ళలో తిరిగే పాత సైకిళ్ళు చాలావరకు ఈ గీత కిందే ఉంటాయి. చట్టం లెక్కలో చిల్లర సొత్తయిన ఆ సైకిలే తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడికీ, రాత్రి డ్యూటీకి వెళ్ళే వాచ్‌మన్‌కీ బతుకుతెరువు. పక్క ఊరి హైస్కూలుకి పోయే పిల్లకి చదువు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం ఇళ్ళలో సైకిల్ ఉంది. అయినా బీమా అనే మాట ఎత్తగానే 'సైకిల్‌కి కూడానా?' అని నవ్వుతారు. ఆ నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ సైకిల్‌కి బీమా ఎందుకు దొరకదో తరచి చూస్తే, దాన్ని దొంగల నుంచి కాపాడుకునే దారి కూడా అక్కడే కనిపిస్తుంది.

ముందు చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేనిదే బండి రోడ్డెక్కకూడదు. తొక్కే సైకిల్ మోటారు వాహనం కాదు గనక దానికి నంబరు ప్లేటూ లేదు, ఆర్‌సీ లేదు, తప్పనిసరి బీమా అంతకన్నా లేదు. అలాగని బీమాకి అసలు చోటే లేదనుకోవద్దు. ఇంటి సామానుకి కంపెనీలు చాలాకాలంగా అమ్ముతున్న హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీల్లో 'పెడల్ సైకిల్' అనే విభాగం ఉంటుంది. దాన్ని మనం కోరి తీసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' ఉంది కదా అనుకుంటే, అది ముఖ్యంగా అగ్నిప్రమాదం, తుఫాను, వరద లాంటి వాటి కోసం. అందులో దొంగతనానికి పరిహారం రావాలంటే అలాంటి విపత్తు కారణంగానే, అది జరిగిన 7 రోజుల్లోపే సొత్తు పోయి ఉండాలి. మామూలు రోజున సెల్లార్‌లోంచి మాయమైన సైకిల్ దాని కిందికి రాదు.

ఇక వ్యాపార లెక్క. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద లక్ష రూపాయల సైకిల్ తొక్కేవాళ్ళకి విడిగా పాలసీ ఇవ్వడం కంపెనీకి గిట్టుతుంది. నాలుగు వేల సైకిల్‌కి గిట్టదు. ఏ వందో రెండు వందలో ప్రీమియం తీసుకుని, తీరా పోయిందన్నప్పుడు అసలు సైకిల్ ఉండేదా, ఉంటే ఈయనదేనా, నిజంగానే పోయిందా అని తేల్చడానికి ఒక మనిషిని పంపితే, ఆయన రాకపోకల ఖర్చులకే ఆ డబ్బు చాలదు. చౌక వస్తువులకి బీమా చేయకూడదని ఎక్కడా లేదు. ఎవరిదో తేలని వస్తువుకి మాత్రం ఎవరూ చేయలేరు. అడ్డంకి అక్కడుంది.

బీమా బాగా నడిచే దేశాల్లో కంపెనీలు పెట్టే షరతులు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. బ్రిటన్‌లో చాలా కంపెనీలు 'సోల్డ్ సెక్యూర్' సంస్థ పరీక్షించి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని శ్రేణులు ఇచ్చిన తాళాలనే ఒప్పుకుంటాయి. సైకిల్ ఖరీదు పెరిగేకొద్దీ తాళం శ్రేణి కూడా పెరగాలి. ఫ్రేముని కదలని వస్తువుకి కలిపి తాళం వేసి ఉండాలి. నెదర్లాండ్స్‌లో 'ఏఆర్‌టీ' గుర్తు ఉన్న తాళం కావాలంటారు, సైకిల్ పోయాక తాళంచెవులు రెండూ అప్పజెప్పమంటారు. ఒకటి తగ్గిందంటే చెవి తాళానికే వదిలేసి వెళ్ళారేమోనని అనుమానం. కొన్న బిల్లు, ఫ్రేము నంబరు, పోలీసు ఫిర్యాదు నకలు సరేసరి. ఇవన్నీ పరిహారం ఎగ్గొట్టే ఎత్తులని కొట్టిపారేసేవాళ్ళున్నారు. ఎగ్గొట్టడానికి వాడుకునేవాళ్ళు ఉంటే ఉండవచ్చు. కానీ సైకిళ్ళు ఎలా పోతాయో, పోయిన ప్రతిదానికీ సొంత డబ్బు కట్టేవాడికంటే ఎవరికి బాగా తెలుస్తుంది? నష్టపోయి నేర్చుకున్న పాఠాలవి. పాలసీ కొననివాళ్ళు కూడా వాటిని పైసా ప్రీమియం లేకుండా వాడుకోవచ్చు.

తాళం షరతునే తీసుకుందాం. మన సైకిళ్ళకి వెనక చక్రం మీద బిగించి వచ్చే తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతవరకే. సైకిల్‌ని ఎత్తి ట్రాలీలో పడేసుకునేవాణ్ణి అది ఆపలేదు. సన్నటి కేబుల్ తాళం చిన్న కట్టర్‌కి క్షణాల్లో తెగుతుంది. 1972లో అమెరికాలో క్రిప్టోనైట్ కంపెనీ యూ ఆకారపు తాళం సత్తా చూపించడానికి ఒక సైకిల్‌ని న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌లో తాళం వేసి నెల రోజులు వీధిలో వదిలేశారు. తాళం తెగలేదు, ఊడదీయడానికి వీలైన భాగాలు మాత్రం మాయమయ్యాయి. మన పెడల్ సైకిల్ పాలసీలు కూడా, సైకిల్‌తో పాటు పోతే తప్ప విడి సామాన్లకి పరిహారం ఇవ్వబోమంటాయి. చేత్తో తిప్పి ఊడదీయగల ముందు చక్రం, సీటు ఉన్న సైకిళ్ళవాళ్ళు ఈ షరతుని రెండుసార్లు చదువుకోవాలి. 2004లో అదే క్రిప్టోనైట్ తాళాల్లో ఒక రకం మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటోందని బయటపడి, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. ఏ తాళమైనా దొంగకి కాస్త ఆలస్యం కలిగించగలదు, అంతకుమించి హామీ ఇవ్వలేదు. ఆ ఆలస్యం పనికి రావాలంటే నలుగురూ తిరిగే చోట, పైనుంచి ఎత్తి తీయడానికి వీల్లేని స్తంభానికి, వెనక చక్రమూ ఫ్రేమూ కలిసేలా తాళం పడాలి.

'చారానా కోడికి బారానా మసాలా' అంటారు మనవాళ్ళు. నాలుగు వేల సైకిల్‌కి వెయ్యి రూపాయల తాళమా అన్నది సబబైన ప్రశ్నే. దానికి జవాబు తాళంలో లేదు, సైకిల్ అడుగున ఉంది. పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం అడుగున చాలా కంపెనీలు ఫ్రేము నంబరు కొట్టే పంపుతాయి. దాన్ని రాసి పెట్టుకోవడానికి కాగితం, కలం చాలు. డెన్మార్క్‌లో 1942 నుంచీ సైకిళ్ళకి ఫ్రేము నంబరు ఉండి తీరాలి; పోయిన సైకిల్‌కి బీమా పరిహారం అడగాలన్నా ఆ నంబరు చెప్పాల్సిందే. జపాన్‌లో 1994 నుంచి సైకిల్ యజమాని పోలీసుల లెక్కలో పేరు నమోదు చేయించుకోవాలి; కొన్న కొట్టులోనే కొద్దిపాటి రుసుముకి ఆ పని అయిపోతుంది, ఫ్రేముకి స్టిక్కర్ పడుతుంది. ఫ్రాన్స్ 2021లో దుకాణాలు అమ్మే కొత్త సైకిళ్ళకి గుర్తింపు నంబరు తప్పనిసరి చేసింది. మన దగ్గర నంబరు ఉన్నా బిల్లులో రాసే కొట్లు తక్కువ. చేతులు మారినప్పుడు ఆ బిల్లు కూడా సైకిల్ వెంట రాదు. అందుకే దొంగ దొరికి, సైకిల్ దొరికి, స్టేషన్ ఆవరణలో నిలబడి ఉన్నా అది నాదేనని చెప్పడానికి యజమాని దగ్గర ఆధారం ఉండదు. చివరికి దిక్కులేని సొత్తు కింద వేలంలోకి పోతుంది.

మన దగ్గరా ఇలా నంబరు నమోదు చేయాలంటే అభ్యంతరాలున్నాయి. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిళ్ళకి ఏటా పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. మళ్ళీ ఆ పీడ తెస్తారా అని అడగవచ్చు. ఆ బిళ్ళ పన్ను కట్టినందుకు రసీదు, యజమానికి రక్షణ కాదు. ఇక్కడ కావలసింది అమ్మేటప్పుడు ఒక్కసారి, కొట్టులోనే, పన్ను లేకుండా రాసుకునే నమోదు. నంబరుని ఆకురాయితో గీకేయరా అంటే, గీకేస్తారు. అయితే గీకిన ఫ్రేముని చూడగానే కొనేవాడికి అనుమానం రావాలి, ధర పడిపోవాలి. నంబరు అడిగి కొనే అలవాటు లేని బజారులో ఇప్పుడు దొంగకి గీకాల్సిన అవసరం కూడా లేదు. విడిభాగాలుగా ఊడదీసి అమ్మితే నంబరు ఏం చేస్తుందన్నది అన్నిటికన్నా గట్టి ప్రశ్న. ఏమీ చేయలేదు. కాకపోతే సైకిల్‌ని విప్పి, ముక్కలకి ముక్కలు బేరం కుదుర్చుకోవడం, ఎక్కి తొక్కుకుంటూ పోయి సాయంత్రానికి అమ్మేసినంత తేలిక కాదు. దొంగ శ్రమ పెంచి రాబడి తగ్గించే ఏ పనైనా చేయదగ్గదే. పోలీసులు పట్టించుకోరన్న మాటకీ కొంత జవాబుంది. కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్ పరిధిలో పోయినా ఇంకే స్టేషన్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. 'నల్ల సైకిల్ పోయింది' అనే ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. నంబరున్న ఫిర్యాదుని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

నంబరు రాసుకుంటే బీమా లేని లోటు పూర్తిగా తీరదు. పోయిన సైకిల్‌కి బదులు కొత్తది కొనే డబ్బు రాదు. కానీ ఆ డబ్బు వచ్చే దారి కూడా నంబరు మీదుగానే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు పంచారు. అలాంటి పంపిణీలో ఏ నంబరు ఏ పిల్లదో బడి రిజిస్టర్‌లో రాసి ఉంచితే, ఒక్క జాబితాతో వేల సైకిళ్ళకి ఒకే గ్రూపు పాలసీ అడగవచ్చు. విడివిడిగా గిట్టని ప్రీమియం అలా కలిపితే గిట్టుతుంది, ఎందుకంటే 'ఈ సైకిల్ ఎవరిది' అని తేల్చే ఖర్చు అప్పటికే తీరిపోయింది. పేపర్ ఏజెన్సీ తన కుర్రాళ్ళ కోసం, అపార్ట్‌మెంట్ సంఘం తన వాచ్‌మన్‌ల కోసం, ఫ్యాక్టరీ తన కార్మికుల కోసం ఇదే పని చేయవచ్చు. సర్కారు రిజిస్టర్ తెరిచేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారమే సైకిల్‌ని తలకిందులు చేసి, నంబరు చూసి బిల్లు వెనక రాసి, ఆ నంబరుతో పాటు సైకిల్‌ని ఫొటో తీసి పెట్టుకోవాలి. కొత్తది కొనేవాళ్ళు బిల్లులో నంబరు రాయనిదే డబ్బు ఇవ్వకూడదు. పాతది కొనేవాళ్ళు గీకిన ఫ్రేముని ఎంత చౌకగా ఇచ్చినా వద్దనాలి. సైకిల్‌కి ముందు ఊరూ పేరూ ఏర్పడితే, తాళం వెల గురించీ పాలసీ గురించీ ఆ తర్వాత తీరిగ్గా బేరమాడుకోవచ్చు.