పదముగ్గురు, పన్నెండుగురు: స్కీల్సు పరిశోధనపై ఒక పరిశీలన

మూడేళ్లు నిండినా మాట రాని బిడ్డను చూచి మన పెద్దలు చెప్పే మాట ఒకటే: "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి. కాస్త వస అరగదీసి నాకించండి." ఏ ఉపచారమూ లేకుండానే మాటలు అందుకొనే పిల్లలు ఉన్నారు, నిజమే. అందుకోలేని పిల్లల విషయంలో ఈ నిరీక్షణకు మూల్యమెంత? ఈ ప్రశ్నకు తరచుగా చూపే సాక్ష్యం, అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ స్కీల్సు 1966లో ప్రకటించిన ఒక చిన్న గ్రంథం. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లలకు బడి ఈడు రాక ముందే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని వాదించేవారు దీనిని తప్పక ఉదహరిస్తారు. దానిని భక్తితో గాక, ప్రయోగశాలలో తోటివాని నోటుబుక్కు చూచినట్లు చూద్దాము.

కథ 1930 దశకంలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలో మొదలవుతుంది. అక్కడ శిశువులు తొట్టెలలోనే పడి ఉండేవారు. పాలు పట్టడానికి, గుడ్డలు మార్చడానికి తప్ప వారిని పలకరించేవారు తక్కువ. 13 నెలల పిల్ల ఒకతె, 16 నెలల పిల్ల ఒకతె ఆరేడు నెలల శిశువుల స్థాయిలోనే ఉండగా, ఇక ఆశ లేదని వారిని ఆ రోజుల్లో 'మందబుద్ధులు' అని పిలిచే వారి సంస్థకు పంపివేశారు. (ఈ మాటను ఇప్పుడు వాడకూడదు, ఆనాటి దృష్టి తెలియడానికి మాత్రమే వ్రాస్తున్నాను.) ఆరు నెలల తరువాత స్కీల్సు వెళ్లి చూస్తే, ఆ ఇద్దరూ నవ్వుతూ పరుగులు తీస్తున్నారు. ప్రజ్ఞాలబ్ధి ఒకరికి 77, మరొకరికి 87 వచ్చింది. వయస్సుకు తగిన ఎదుగుదల ఉంటే అది 100 ఉంటుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. జరిగిన చికిత్స ఏమిటి? మందు లేదు, మాష్టారూ లేడు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల మానసిక వయస్సు మాత్రమే గల ఆ వార్డు స్త్రీలు పిల్లలను ఎత్తుకొన్నారు, ఆడించారు, రోజంతా వారితో మాట్లాడారు.

దీనిని చూచి మొత్తం పదముగ్గురు పిల్లలను అలాగే పంపారు. సగటున 19 నెలలలో వారి ప్రజ్ఞాలబ్ధి 64 నుంచి 92కు దగ్గరగా పెరిగింది. అనాథాశ్రమంలోనే మిగిలిన పన్నెండుగురిది, సుమారు 30 నెలలలో, 87 నుంచి దాదాపు 60కి దిగింది. ఇరవై ఏళ్లు దాటిన తరువాత స్కీల్సు అందరినీ వెదికి పట్టుకొన్నాడు. పదముగ్గురూ తమ కాళ్లపై తాము నిలబడ్డారు. సగం మందికి తగ్గకుండా పన్నెండవ తరగతి వరకు చదివారు. పన్నెండుగురిలో ఒకరు సంస్థలోనే యౌవనారంభంలో మరణించారు. నలుగురు అప్పటికీ సంస్థలలోనే ఉన్నారు. మూడవ తరగతి దాటనివారే ఎక్కువ.

అంకెలు గుండెను తాకుతాయి. అందుచేతనే జాగ్రత్త కావాలి. ఈ పిల్లలను చీట్లు వేసి రెండు జట్లుగా పంచలేదు; పోలిక జట్టును తరువాత రికార్డులలోంచి ఏరారు. పైగా, ఏడాది నిండని శిశువు ప్రజ్ఞను కొలవడమంటే ఆనాడూ ఈనాడూ కూర్చోవడం, పట్టుకోవడం, చప్పుడుకు తల తిప్పడం వంటివి చూడటమే. మనిషి ముఖమే ఎరుగని బిడ్డ పరీక్షకుని ముందు ఏం చేస్తుంది? మరొక చిక్కు ఉంది. తరగతిలో అతి తక్కువ మార్కులు వచ్చిన పదముగ్గురిని ఏరి, ఏ పాఠమూ చెప్పకుండా మళ్లీ పరీక్ష పెట్టినా వారి సగటు కొంత పెరుగుతుంది. మొదటి రోజు కొందరికి తలనొప్పి, కొందరికి దురదృష్టం తోడై ఉంటాయి గనుక. అయితే ఈ సూత్రం పెరుగుదలలో కొంత భాగాన్నే తీసివేయగలదు. 87 ఉన్న పిల్లలు 60కి జారడాన్ని అది వివరించలేదు. నాకు గ్రంథంలో పెరిగిన అంకెల కంటె పడిపోయిన అంకెలే బలమైన సాక్ష్యంగా తోచాయి.

అసలు లోపం వేరొక చోట ఉంది. పదముగ్గురిలో పదకొండుగురిని తరువాత కుటుంబాలు దత్తత తీసుకొన్నాయి. కాబట్టి వారి జీవితం నిలబడింది ఆ ఏడాదిన్నర లాలనవల్లనా, ఆ పై ఇరవై ఏళ్ల ఇంటివల్లనా? స్కీల్సు ఈ రెంటినీ విడదీయలేడు. తొలి మూడేళ్లు దాటితే తలుపు మూసుకుపోతుందని ఈ గ్రంథాన్ని చూపి చెప్పేవారు, అందులో లేనిది చెబుతున్నారు. పన్నెండుగురి దుర్గతి మరొక మంచి పరిశోధనకు కారణమైతే వారి బ్రతుకులు వ్యర్థం కావని గ్రంథకర్త ముగింపులో ఆశపడతాడు. ఈ ఓదార్పును నేను అంగీకరించలేను. వారు జారిపోతున్న సంగతి 1939లోనే అచ్చయింది.

గ్రంథంలో అందరూ తొందరగా దాటిపోయే పేజీ ఒకటుంది. పన్నెండుగురిలో ఒక బాలునికి వినికిడి లోపం ఉంది. అతనిని బధిరుల పాఠశాలకు పంపారు. అక్కడ చదివి, అచ్చుపని నేర్చి, తన జట్టులో అందరికంటె బాగా జీవించినవాడు అతడే. మన ఉపాధ్యాయులకు కావలసిన పాఠ్యం ఈ పేజీలో ఉందని నా అభిప్రాయం: అది ప్రేమ ఒక్కటే కాదు, లోపమేమిటో కనిపెట్టి దానికి తగిన బోధన. మాట రాని బిడ్డకు మొట్టమొదట చేయవలసినది చెవి పరీక్ష. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించి, ఎదుగుదల ఆలస్యమైనవారిని జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటున్నది. సికింద్రాబాదులో ఇందుకై 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది.

మా దగ్గరి బంధువుల ఇంట ఒక పిల్లవానికి నాలుగేళ్లు వచ్చేదాకా వస నాకించారు. పరీక్ష చేయించిన నాడు రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేలింది. వినికిడి యంత్రం పెట్టిన మొదటి రోజున వాడు కుక్కరు కూతకు ఉలిక్కిపడి తల్లి కొంగు పట్టుకొన్నాడు. ఇప్పుడు ఏడవ తరగతి చదువుతున్నాడు. 'శ'కూ 'స'కూ ఇంకా తడబడతాడు.