ఘాట్ రోడ్డుకు తగ్గ స్పీకర్లు

కారులో ఆడియో సిస్టమ్ మార్పించాలనుకునేవాళ్లు విశాఖలో ఏదో దుకాణానికి వెళ్లి, బోర్డు మీద వరసగా బిగించిన స్పీకర్లు విని బేరం కుదుర్చుకుంటారు. నేనైతే ముందు శృంగవరపుకోట దాటి, ఘాట్ ఎక్కి, టైడా దాకా ఓసారి వెళ్లి రమ్మంటాను. పాత స్పీకర్లతోనే వెళ్లండి. ఎక్కడ మాట వినపడలేదో, ఎక్కడ వాల్యూమ్ పెంచాల్సి వచ్చిందో, ఎక్కడ మొత్తానికే ఆపేయాలనిపించిందో గమనించండి. ఏం కొనాలో ఆ దారిలోనే తేలిపోతుంది.

శృంగవరపుకోట దాకా టైర్ల రొద. ఆ రొద పాటలోని లోతు స్వరాలను మింగేస్తుంది కాబట్టి బేస్ చాలట్లేదనిపిస్తుంది. ఘాట్ మొదలయ్యాక సంగతి వేరు. సెకండ్ గేరులో ఇంజిన్ గుర్రుమంటుంది, చల్లగాలి కోసం అద్దాలు దించేస్తాం, వానాకాలమైతే టాపు మీద చినుకుల మోత. వీటన్నిటి మధ్య, మలుపు అవతల దిగుతున్న బస్సు హారన్ మన చెవిన పడాలి. ఆ మలుపుల్లో పాట హోరెత్తించుకుంటూ ఎక్కడమంటే కళ్లకు గంతలు కట్టుకుని నడపడమే. అందుకే కారు ఆడియోలో నేను మొదట వెతికే గుణం, తక్కువ వాల్యూమ్‌లోనూ మాట స్పష్టంగా వినపడటం.

పెట్టె మీది వాట్లు చూసి ఈ గుణం తెలుసుకోలేం. స్టీరియో మీద 50 వాట్లు, నాలుగు చానెళ్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది గరిష్ఠం మాత్రమే. నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ పవర్ మామూలుగా 20 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. పైగా వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. అదే, 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ బదులు 92 ఉన్నది తీసుకుంటే, సగం వాట్లతోనే అంత శబ్దం వస్తుంది. కంపెనీ స్టీరియోనే ఉంచుకుని స్పీకర్లు మాత్రం మార్చేవాళ్లు ముందు చూడాల్సిన అంకె ఈ సెన్సిటివిటీయే.

కొండల్లోకి రాగానే విశాఖ ఎఫ్ఎం మలుపు మలుపుకీ తెగిపోతుంది. ఆ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, కొండ అడ్డొస్తే ఇక అంతే. ఫోన్ సిగ్నల్‌నీ నమ్ముకోలేం. కాబట్టి పెద్ద తెర ఆండ్రాయిడ్ స్టీరియోకి డబ్బంతా పోసేముందు, దానికి పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలుందా, వాల్యూమ్‌కి తిప్పే నాబ్ ఉందా చూడండి. మలుపు తిరుగుతూ తెర మీద వేలితో వెతుక్కోవడం ప్రమాదం.

ఇక బిగింపు. అసలు పనంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. మా బండికి స్పీకర్లు మారుస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. కుర్రాడు హ్యాండిల్ వెనక మూత తీసి, స్క్రూలు విప్పి, ప్లాస్టిక్ బద్దతో డోర్ ప్యాడ్‌ని కింది అంచు నుంచి లేపాడు. క్లిప్పులు టక్కుటక్కున ఊడాయి. లోపల నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు కనిపించింది. దాన్ని బ్లేడుతో కోసి పారేసేవాళ్లున్నారు. ఇతను మాత్రం జిగురును మెల్లగా సాగదీసి, షీటు చిరక్కుండా పైకి మడిచి పెట్టాడు. "ఇది తీసేస్తే వర్షం నీరు లోపలికొచ్చేస్తాది సార్" అన్నాడు. నిజమే. అద్దం మీద పడ్డ వాన రబ్బరు సందుల్లోంచి డోర్‌లోకి దిగి, అడుగునున్న కన్నాల గుండా బయటికి పోతుంది. షీటు లేకపోతే ఆ నీరు ప్యాడ్‌కీ, కార్పెట్‌కీ పాకుతుంది. వానలు పట్టాక తడి ఆరని టైడా, అనంతగిరి దారుల్లో తిరిగే బండికి ఇది పెద్ద విషయం. అక్కడి చెమ్మకు కాగితం కోన్ కంటే పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్న స్పీకరే నయం.

తర్వాత బయటి రేకు మీద వేలితో కొట్టి వినిపించాడు. టంగుమంది. బ్యూటైల్ షీటు అంటించి రోలర్‌తో గట్టిగా రుద్ది మళ్లీ కొడితే దబ్బుమని ఆగిపోయింది. స్పీకర్ ముందు నుంచీ వెనక నుంచీ వచ్చే శబ్దాలు కలిసిపోతే లోతు స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. లోపలి రేకులోని పెద్ద కన్నాలు మూసి, స్పీకర్‌ని గట్టి రింగు మీద బిగిస్తే సబ్‌ఊఫర్ లేకుండానే బేస్ తేలుతుంది. అడుగునున్న నీటి కన్నాలు మాత్రం మూయకూడదు.

వైర్లు కోయనివ్వకండి. చాలా మోడళ్లకు సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. యాంప్లిఫయర్ పెట్టిస్తే బ్యాటరీ నుంచి మూరెడు లోపే ఫ్యూజు ఉండాలి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోకూడదు. ఎర్త్ వైరు పెయింటు గీకిన రేకుకే బిగించాలి, లేదంటే ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో ఆల్టర్నేటర్ కూత వినపడొచ్చు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడూ, ఇంజిన్ స్పార్కుల గరగరను అణచడమే పెద్ద తలనొప్పి అయింది.

నేను ఎక్కువగా వినేది ఘంటసాల పాటలు. 1950ల నాటి ఆ మోనో రికార్డింగుల్లో అంతా గొంతులోనే ఉంది. 80 హెర్ట్జ్‌కి దిగువన పనిచేసే సబ్‌ఊఫర్‌కి అక్కడ పెద్దగా పనే లేదు. డబ్బులో సగం ముందు డోర్ల స్పీకర్లకూ, ఆ తర్వాత బ్యూటైల్ షీటు డ్యాంపింగ్‌కీ పెట్టమని నేననేది అందుకే. వెనక డోర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

టైడాలో కాఫీ, మిరియాల తోటల పక్కన డిక్కీ తెరిచి సబ్‌ఊఫర్ మోగించే వాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. లోతు స్వరాలను ఆకులూ ఆపవు, ఇంటి గోడలూ సరిగా ఆపలేవు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. మనం పిక్నిక్‌కి వెళ్లిన ఆ చోట గిరిజనుల ఇళ్లున్నాయి, పొద్దున్నే లేచి తోటపనికి వెళ్లాల్సిన మనుషులున్నారు.

బేస్ లేనిదే తోచదనే వాళ్లను వద్దనను. సీటు కింద పట్టే చిన్న సబ్‌ఊఫర్ తీసుకుని, దాని బేస్ నాబ్‌ని డ్రైవర్ చేతికందేలా స్టీరింగ్ పక్కన బిగించమనండి. శృంగవరపుకోట దాకా పెంచుకుని, ఘాట్ మొదట్లో తగ్గించేయొచ్చు.